హాస్టల్ పిల్లల డబ్బు హాస్టల్‌కే రావాలి

అందరికీ జై భీమ్. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైం అక్కడికే అయిపోతుంది, ఏమీ అనుకోకండి. జయంతి సభకు పిలిచారు కాబట్టి బాబాసాహెబ్ జీవితం గురించి చెప్తాననుకుంటారు. నేను హాస్టల్ వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. ఆ పిల్లల పేరు మీద రావాల్సిన డబ్బు గురించే నాలుగు మాటలు చెప్పి కూర్చుంటాను.

బడ్జెట్‌లో ఎస్సీ, ఎస్టీలకంటూ విడిగా డబ్బు కేటాయించే సబ్‌ప్లాన్ 1970ల నుంచీ ఉంది. ఉండి ఏం లాభం, డబ్బు వేరే పనికి మళ్లించినా అడిగే దిక్కు లేదు. దళిత, గిరిజన సంఘాలు ఏళ్ల తరబడి రోడ్డెక్కితే ఉమ్మడి రాష్ట్రంలో 2013లో చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. 2011 లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో ఎస్సీలు 15.45 శాతం, ఎస్టీలు 9.08 శాతం. ప్రగతి పద్దులో, అంటే బడ్జెట్‌లో అభివృద్ధి పథకాలకు పెట్టే డబ్బులో, ఆ దామాషా ప్రకారం నిధులివ్వాలి, మిగిలిపోతే మరుసటి ఏడు సర్దాలి. చట్టం మంచిదే.

మరి మా హాస్టల్లో ఏం జరిగేది? మెస్ బిల్లులు నెలల తరబడి ఆగేవి. కిరాణా కొట్టాయన మంచివాడే, పాపం ఆయన మాత్రం ఎన్నాళ్లు ఉద్దెర ఇస్తాడు? ఒకసారి బియ్యం, పప్పు ఇచ్చి, "సార్, పాత బాకీ కొంతైనా కట్టండి, నూనె డబ్బా మాత్రం ఇవ్వలేను" అన్నాడు. ఆ పూట పప్పుకు పోపు లేదు. ఉడికిన పప్పులో ఉప్పు, పసుపు, అంతే. ఐదో తరగతి పిల్లవాడు పళ్లెం పట్టుకొచ్చి, "సార్, పప్పు వాసన వస్తలేదు" అన్నాడు. ఏం చెప్పాలి వాడికి? బడ్జెట్ విడుదల కాలేదని చెప్పాలా?

ఆ చట్టంలోనే ఇంకో మాట కూడా ఉంది. రోడ్ల లాంటి, ఎవరి వాటా ఎంతో విడదీయలేని పెద్ద పనుల ఖర్చులో కొంత భాగం ఎస్సీ, ఎస్టీల ఖాతాలో చూపించుకోవచ్చట. రోడ్డు మీద మా పిల్లలూ నడుస్తారు, కాదనను, కానీ అది వేయడం ప్రభుత్వం ఎలాగూ చేయాల్సిన పని కదా, మా పద్దులో రాయడమెందుకు? అలా రాసుకున్న డబ్బు కాగితం మీద మాకు అందినట్టే. పోపు లేని పప్పు ఏ కాగితంలోనూ కనిపించదు.

శంకరన్ గారు గుర్తొస్తున్నారు. ఎస్.ఆర్. శంకరన్. పద్మభూషణ్ వద్దన్న మనిషి, తన జీతం పేద పిల్లల చదువుకిచ్చిన ఐఏఎస్. అలాంటి అధికారి ప్రతి జిల్లాకూ దొరకడు, అందుకే చట్టం గట్టిగా ఉండాలంటున్నాను.

2024లో డైట్ చార్జీలు, అంటే పిల్లల తిండికిచ్చే డబ్బు, 40 శాతం పెంచారు. నిజంగా సంతోషించాను. కానీ అమ్మా, అయ్యా, రేటు పెరిగితే సరిపోదు, బిల్లు నెలనెలా పడాలి. ఈ నిధిలోంచి ముందు హాస్టళ్లకు, గురుకులాలకు ఇచ్చాకే మిగతా పనులని చట్టంలో రాయాలి. ఆ రోడ్ల వెసులుబాటు తీసేయాలి.

మీ పిల్లలున్న హాస్టల్‌కు ఈ ఏడు ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది, ఏ తేదీన పడింది, ఈ మూడే సమాచార హక్కు కింద అడగండి. తెల్లకార్డున్నవాళ్లకు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. దరఖాస్తు రాయడం రాదంటారా, సభ అయ్యేదాకా ఇక్కడే ఉంటాను, రండి, కూర్చుని రాసిపెడతాను.