తండ్రి మాట కాదని

శ్రోతలందరికీ నమస్కారం.

నేను చరిత్ర నవలలు రాస్తాను. నిజంగా బతికిన మనుషుల మీద రాస్తాను. ఆరేళ్లుగా బొబ్బిలి యుద్ధం మీద ఒక నవల రాస్తున్నాను. అది ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. ఆ ఒక్క మాట గురించి ఈ కాసేపు మీతో చెప్పుకుంటాను.

మా నాన్నగారిది విజయనగరం. అమ్మది బొబ్బిలి పక్కన పల్లె. చిన్నప్పుడు సెలవులకి రైలెక్కి గజపతినగరం మీదుగా అమ్మమ్మగారింటికి వెళ్లేవాళ్లం. దూరం పెద్దదేమీ కాదు. కానీ రైలు దిగేసరికి కథ మారిపోయేది. నాన్నమ్మ కథలో విజయనగరం రాజు పెద విజయరామరాజు పైడితల్లి అమ్మవారి తోబుట్టువు. యుద్ధం వద్దని ఆ తల్లి ఎంత చెప్పిందో, అన్న పోయాడని తెలిసి ఎలా పెద్దచెరువులో కలిసిపోయిందో చెబుతూ నాన్నమ్మ కళ్లు తుడుచుకునేది. అమ్మవారి పండగలో సిరిమాను కోట వైపు కదులుతుంటే చేతులెత్తి మొక్కేది. అమ్మమ్మ దగ్గర ఆ రాజు పేరెత్తితే, "ఆడి ఊసెత్తకురా బాబూ" అనేది. ఒకే మనిషి. ఒకింట్లో దేవత అన్నగారు, ఇంకో ఇంట్లో పరాయి సైన్యాన్ని ఊరి మీదికి తెచ్చినవాడు. నేను రెండిళ్లలోనూ అన్నం తిన్నాను.

యుద్ధం సంగతి మీకు తెలిసిందే. 1757 జనవరి 24. బొబ్బిలి కోట బయట ఫ్రెంచి సేనాని బుస్సీ, అతని పక్కన విజయనగరం రాజు. లోపల బొబ్బిలి రాజా రంగారావు. సాయంత్రానికి కోట పోయింది. తర్వాత విజయరామరాజు తన డేరాలోనే హతమయ్యాడు. ఆ పని తాండ్ర పాపారాయుడు చేశాడని మన జనం పాడుకుంటారు.

నవల మొదటి ప్రతిలో నేను ఒక తప్పు చేశాను. యుద్ధానికి ముందు రాత్రి విజయరామరాజు చేత ఒక మాట అనిపించాను. చాలా క్రూరమైన మాట. రాసినప్పుడు బాగా వచ్చిందనుకున్నాను. ఒక సభలో ఆ భాగం చదివితే, అయిపోయాక ఒక పెద్దాయన లేచి, కోపం లేకుండా, "ఈ మాట ఆయన అన్నట్టు ఎక్కడుంది బాబూ?" అని అడిగారు. ఎక్కడా లేదు. నేనే పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కల్పిత పాత్ర నోట్లో మనం ఏ మాటైనా పెట్టొచ్చు. నిజంగా బతికిన మనిషి నోట్లో మాట పెడితే, కాదనడానికి ఆ మనిషి లేడు. చదివినవాళ్లు అదే నిజమనుకుంటారు. రేపు ఎవరో తమ పిల్లలకి అదే చెబుతారు.

మర్నాటి నుంచీ కాగితాల్లో దొరికే మాటల కోసం వెతకడం మొదలుపెట్టాను. ఆ వెతుకులాటలో నాకు ఒక మనిషి దొరికాడు. నాకు అందరికంటే ఇష్టమైన మనిషి.

రాబర్ట్ ఓర్మ్ అనే ఇంగ్లీషు చరిత్రకారుడు ఈ యుద్ధం గురించి రాశాడు. ఆ భాగం ఉన్న సంపుటం 1778లో అచ్చయింది, అంటే యుద్ధం జరిగి 20 ఏళ్లు దాటాక. అతను చెప్పేది ఇది. తెల్లవారుతూనే దాడి మొదలైంది. నిచ్చెనలు వేశారు, పడ్డారు, మళ్లీ వేశారు. మధ్యాహ్నం రెండు గంటలకి కూడా ఒక్కడు గోడ దాటలేదు. అప్పుడు రంగారావు ముఖ్యుల్ని పిలిచి, కోట ఇక నిలవదన్నాడు. ఆడవాళ్లు, పిల్లలు శత్రువు చేతికి చిక్కకూడదన్నాడు. కోట మధ్యలో ఇళ్లకి తమవాళ్లే నిప్పు పెట్టారు. ఆ పని చేసినవాళ్లు తిరిగి గోడల మీదికి వచ్చి చనిపోయేదాకా పోరాడారు. రంగారావు తుపాకి గుండు తగిలి పడిపోయాడు.

ఫ్రెంచివాళ్లు లోపలికి వచ్చి ఆ బూడిద చూసి నిలబడిపోయారు. గెలిచినవాళ్లకే నోట మాట రాలేదు. అంతలో దూరం నుంచి ఒక ముసలాయన నడిచి వస్తున్నాడు. చేత్తో ఒక పిల్లాణ్ణి పట్టుకుని నడిపించుకుని వస్తున్నాడు. సైనికులు దారి ఇచ్చి, మర్యాదగా లా అనే దళనాయకుడి దగ్గరికి తీసుకెళ్లారు. ముసలాయన పిల్లాణ్ణి అప్పగించి ఒక్క మాట అన్నాడు. వీడు రంగారావు కొడుకు, తండ్రి ఇష్టానికి వ్యతిరేకంగా నేను కాపాడాను అని.

అంతే. ఆయన అన్నది ఆ ఒక్క మాటే. పిల్లాడి గురువు అని ఓర్మ్ రాశాడు. పేరు రాయలేదు. బుస్సీ కోటలోకి రాకుండా డేరాలోనే ఉండిపోయాడు. ఇద్దర్నీ అక్కడికి పంపించారు. ఆ పిల్లాడే చిన రంగారావు. బొబ్బిలి వంశం అతనితో నిలిచింది.

ఇప్పుడు నా కష్టం చూడండి. ఆ ముసలాయన ఆ మాట ఇంగ్లీషులో అనలేదు కదా. ఆయన అన్నది మన తెలుగులో. మధ్యలో దుబాసీ ఎవరో ఫ్రెంచిలోకి మార్చి ఉంటాడు. అక్కణ్ణుంచి అది ఇంగ్లీషు పుస్తకంలోకి వెళ్లింది. దాన్ని నేను మళ్లీ తెలుగులోకి తేవాలి. మళ్లీ ఆయన నోటికి చేర్చాలి.

ఓర్మ్ పుస్తకంలోనే ఇంకో చిన్న సంగతి ఉంది. రాజుని చంపడానికి వెళ్లినవాళ్లని విజయనగరం సైనికులు అనుమానించలేదట. కారణం, వాళ్లు మాట్లాడేది కూడా అదే భాష. నాకు ఆ వాక్యం చదివినప్పుడు గుండె పట్టేసినట్టయింది. రెండు వైపులా ఒకే మాట, ఒకే యాస. మా నాన్నమ్మ, అమ్మమ్మలాగే.

ఆ ఒక్క వాక్యాన్ని పదకొండు సార్లు రాశాను. "తండ్రి ఆజ్ఞను ధిక్కరించి" అని రాస్తే నాటకంలా ఉంది. పొగ మింగిన గొంతుతో అంత పెద్ద మాట ఎవరంటారు? చివరికి మా అమ్మకి కథంతా చెప్పి, "నువ్వే ఆయనవైతే ఏమంటావమ్మా" అని అడిగాను. అమ్మకి ఎనభై దాటాయి. కాసేపు ఊరుకుని ఇలా అంది: "రంగారావు బాబుగారి కొడుకు ఈడు. తండ్రి మాట కాదని దాసేను. నాకు సెయ్యాడలేదు నాయనా."

చెయ్యాడలేదు. ఓర్మ్ పుస్తకంలో ఈ మాట లేదు. కానీ నాకు దీన్ని వదలబుద్ధి కావడం లేదు.

మీలో నిజమైన మనుషుల మీద, మీ ఊరి పెద్దల మీద, మీ తాతల మీద రాయాలనుకునేవాళ్లు ఉంటే ఒక్క పని చెయ్యండి. నోటుబుక్కులో ఎడమ పేజీలో దొరికినవి రాయండి, ఎవరు చెప్పారో, ఎక్కడ చదివారో సహా. కుడి పేజీలో మీరు ఊహించినవి రాయండి. రెండూ కలపొద్దు. పుస్తకం అచ్చయినప్పుడు చివర ఒక పేజీ వేసి, కుడి పేజీలోవి ఏవో పాఠకుడికి చెప్పేయండి. నా నవల చివరి పేజీ ఇప్పటికే రాసుకున్నాను. కాపాడాను అన్న మాట ఓర్మ్ రాసినది, చెయ్యాడలేదు అన్నది మా అమ్మ మాట అని అందులో ఉంటుంది. విజయరామరాజు చేత నేను అనిపించిన ఆ క్రూరమైన మాట మాత్రం తీసేశాను.

ఇంకొక్క విన్నపం. బొబ్బిలి వైపు ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో ఎవరింట్లోనైనా ఆ ముసలాయన పేరు చెప్పుకునేవారా? మీ తాతగారో, ముత్తవ్వో ఏదైనా పేరు అన్నట్టు గుర్తుంటే ఒక కార్డు ముక్క రేడియో స్టేషనుకి రాయండి. మీకు ఎవరు చెప్పారో, వాళ్లకి ఎవరు చెప్పారో కూడా రాయండి. అంతవరకూ నా నవల్లో ఆయనకి పేరు పెట్టను. పిల్లాడి చెయ్యి పట్టుకుని నడుస్తూ ఉంటాడు.

నమస్కారం.