గడ్డకట్టిన తేనె మంచిదే

శ్రోతలకు నమస్కారం. మాది తేనెటీగలు పెంచే కుటుంబం. చలి మొదలైతే చాలు, మా దగ్గర తేనె కొన్నవాళ్లలో ఎవరో ఒకరు ఫోన్ చేసి "సీసాలో తేనె గడ్డకట్టిందండీ, పంచదార పాకం ఏమైనా కలిపారా?" అని అడుగుతారు. అలా అడగడాన్ని నేను తప్పు పట్టను. డబ్బు పెట్టి కొన్నవాళ్లకి అనుమానం వస్తే అడగాల్సిందే. కాకపోతే గడ్డకట్టడం తేనెకి సహజం. తేనెలో ముఖ్యంగా గ్లూకోజు, ఫ్రక్టోజు అని రెండు చక్కెరలుంటాయి, అందులో గ్లూకోజు మెల్లగా విడిపోయి పలుకులు కడుతుంది. ఆవపూల తేనె, పొద్దుతిరుగుడు తేనె మరీ తొందరగా పేరుకుంటాయి, వాటిలో గ్లూకోజు పాలు ఎక్కువ కాబట్టి. 14 డిగ్రీల దగ్గర ఇది అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. పల్చగా కావాలనుకుంటే సీసాని గోరువెచ్చటి నీళ్లలో, 40 డిగ్రీలు దాటకుండా, కాసేపు ఉంచండి. పొయ్యి మీద మాత్రం పెట్టకండి.

ఎందుకు వద్దంటున్నానో తెలియాలంటే తేనె ఎలా తయారవుతుందో కొంచెం చెప్పుకోవాలి. ఈగ పువ్వులోంచి పీల్చుకొచ్చే మకరందంలో చాలావరకు నీళ్లే. దాన్ని పొట్టలోని తేనె సంచిలో మోసుకొచ్చి, మేం ఈగల్ని పెంచే పెట్టెలో ఉన్న ఇంకో ఈగ నోటికి అందిస్తుంది, అది మరోదానికి, అలా నోళ్లు మారే కొద్దీ ఈగల ఎంజైములు కలిసి చక్కెర విరుగుతుంది. ఆ తర్వాత తుట్టెలోని గదుల్లో నింపి రెక్కలతో విసరడం మొదలుపెడతాయి. పూలు విరగబూసిన రోజుల్లో చీకటి పడ్డాక పెట్టె పక్కన నిలబడితే లోపల్నుంచి ఒకటే హోరు వినిపిస్తుంది, గుమ్మం దగ్గర చెయ్యి పెడితే పూల వాసనతో వెచ్చటి గాలి తగులుతుంది. నీళ్ల శాతం 18 దగ్గరికి దిగాక గది మీద మైనంతో మూత వేసేస్తాయి. పని జోరుగా ఉన్న రోజుల్లో కూలి ఈగ బతికేది ఆరు వారాలే, ఆ బతుకంతా కలిపి అది తయారుచేసే తేనె చిన్న చెంచాలో పన్నెండో వంతు ఉంటుందని లెక్క.

ఆ మూత పడేదాకా ఆగడమే మా పనిలో కష్టమైన భాగం. ఆర్డర్లు వచ్చి ఉంటాయి, చేతిలో డబ్బు ఉండదు, ఫ్రేము, అంటే ఈగలు తుట్టె కట్టుకునే చెక్క చట్రం, తీసి చూస్తే నిండుగా కనబడుతుంది, తీసేద్దామా అని ప్రాణం లాగుతుంది. అప్పుడు ఫ్రేముని అడ్డంగా పట్టుకుని ఒక్క విదుపు విదిపి చూస్తాం. చుక్కలు రాలితే అది ఇంకా పచ్చి తేనె, మళ్లీ పెట్టెలో పెట్టేయాలి. పచ్చిది తీస్తే పులిసిపోతుంది. పులవకుండా ఉండాలంటే మెషీన్ల మీద నీళ్లు లాగేయాలి, ఈగలు చేయాల్సిన పని మనం చేసి దాన్ని ముడి తేనె అని అమ్మడం నాకు అస్సలు ఒప్పుదల కాదు.

ఫ్రేములు ఇలా ఒక్కొక్కటీ లాగి చూడగలుగుతున్నామంటే అది లాంగ్‌స్ట్రాత్ అనే అమెరికా ఆయన చలవ. చెక్కల మధ్య 6 నుంచి 9 మిల్లీమీటర్ల సందు వదిలితే ఈగలు దాన్ని మైనంతో పూడ్చకుండా నడవడానికి ఉంచుకుంటాయని 1851లో ఆయన గమనించి పెట్టె తయారుచేశాడు. కింది అరలో రాణి ఈగ గుడ్లు పెడుతుంది, పిల్లలు పెరుగుతాయి, ఆ అర మేం ముట్టుకోం. పై అరలోది కూడా ఊడ్చేయం, వాటి తిండి వాటికి ఉంచాలి. పూలు బొత్తిగా లేని రోజుల్లో ఈగలకి మేమూ పంచదార పాకం పెడతాం, పెట్టకపోతే చచ్చిపోతాయి. ఇందులో దాచడానికేం లేదు. తేనె నింపే పై అర పెట్టె మీద ఉండగా మాత్రం పాకం చుక్క కూడా పెట్టకూడదు, ఎవరి నిజాయితీ అయినా ఇక్కడే తేలిపోతుంది.

తేనె తీసే రోజు ఇంట్లో అందరం పనిలోనే. ముందు పొగ పెడతాం. ఎవరికైనా ఒక్క ఈగ కుట్టిందంటే అక్కడ అరటిపండు లాంటి వాసన వస్తుంది, మిగతా ఈగలకి అది ప్రమాద హెచ్చరిక, పొగ ఆ వాసనని కప్పేస్తుంది. ఇక గది తలుపులూ కిటికీలూ బిగించకపోతే ఈగలన్నీ వాసన పట్టి లోపలికి వచ్చేస్తాయి. అమ్మ కత్తితో మైనం మూతలు పల్చగా చెక్కుతుంది, పిల్లలు ఆ ఫ్రేములు పెట్టిన డ్రమ్ము పిడి తిప్పుతారు, తేనె డ్రమ్ము గోడకి చిమ్మి కిందికి కారుతుంది, ఖాళీ అయిన తుట్టె చెక్కుచెదరకుండా మళ్లీ ఈగలకే వెళ్తుంది. బట్టలో వడకట్టి, నురగ, మైనం ముక్కలు పైకి తేలేదాకా ఉంచి, సీసాల్లో పోస్తాం. అంతే.

పెద్ద ఎత్తున అమ్మేవాళ్లు చాలామంది తేనెని 60, 70 డిగ్రీలకి వేడి చేసి సన్నగా వడగడతారు, షాపులో గడ్డకట్టకుండా ఉంటుందని. అలా చేసింది తింటే ఏదో అయిపోతుందని నేను అనను. కానీ పిల్ల ఈగలున్న చోట పెట్టెలో వేడి 35 డిగ్రీలే, దానికి రెట్టింపు వేడి తగిలితే ఎంజైములు దెబ్బతింటాయి, చక్కెర వేడెక్కితే పుట్టే హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది, వాసన పోతుంది. చిన్న కుటుంబం అయితే ఏ పూల కాలం తేనె ఆ కాలానికి విడిగా తీయగలదు, అందుకే ఒక సీసా లేత పసుపు, ఇంకో సీసా ముదురు గోధుమ రంగు, రుచి కూడా వేరు.

గ్లాసు నీళ్లలో వేసి చూడటం, అగ్గిపుల్ల ముంచి వెలిగించడం, ఈ పరీక్షల్ని దయచేసి నమ్మకండి. చిక్కటి పాకం వాటిలో పాసవుతుంది, మంచి తేనె ఫెయిలవుతుంది. చెరకు, మొక్కజొన్న పాకాల్ని పట్టే ల్యాబ్ పరీక్షకి కూడా బియ్యంతో చేసిన పాకం దొరకదు, దానికి ఇంకా పెద్ద పరీక్షలు కావాలి. కాబట్టి అమ్మేవాళ్లనే అడగండి. ఏ పూలది, ఎప్పుడు తీశారు, మూత పడ్డాకే తీశారా, వేడి చేశారా, పెట్టెలు చూపిస్తారా? నిజంగా ఈగల్ని పెంచేవాళ్లయితే మిమ్మల్ని గంటసేపు వదలరు, అన్నీ చెప్తారు.

ఇంకో సంగతి. మన చుట్టుపక్కల తేనె తింటే పుప్పొడి అలర్జీ పోతుందని చాలామంది కొంటున్నారు. ఎక్కువగా తుమ్ములు తెప్పించేది గాలికి ఎగిరే గడ్డి, చెట్ల పుప్పొడి, ఈగలు తెచ్చేది ముఖ్యంగా పూలది. నేను తేనె అమ్ముకునేవాళ్లలో ఒకణ్ణే, అయినా చెప్తున్నా, దాన్ని మందుగా మాత్రం కొనకండి.

ఏడాది నిండని పసిబిడ్డకి తేనె నాకించకండి, ఎవరి తేనె అయినా, మాదైనా సరే. అందులో బాటులిజం కలిగించే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, అవి మామూలు వేడికి చావవు, పసిపేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, బిడ్డ కండరాలు చచ్చుబడతాయి. ఏడాది దాటాక పేగులు వాటిని మొలకెత్తనివ్వవు, అప్పుడు పెట్టండి. నమస్కారం.