ఘంటసాలకు రాని అవార్డు

అందరికీ నమస్కారం. సినిమా అవార్డుల గురించి మాట్లాడమన్నారు. ఆస్కార్లతో మొదలుపెడదామనుకున్నాను గానీ, విజయనగరంలో నిలబడి ముందు ఘంటసాల పేరు ఎత్తకపోతే నాకు మనసొప్పదు.

సంగీతం నేర్చుకోవాలని ఈ ఊరు వచ్చిన కుర్రాడాయన. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి పాఠం చెప్పారు. తిండికి మాత్రం జోలె వేసుకుని ఈ వీధుల్లోనే మధూకరం ఎత్తుకున్నారు. అంటే మన తాతమ్మలు వేసిన అన్నం తిన్న గొంతు అది! ఇప్పటికీ మా వీధిలో ఎవరైనా పోతే, చుట్టాలు దిగేలోపే మైకులో ఆయన భగవద్గీత మొదలవుతుంది. అది వినపడగానే మా అమ్మ స్టవ్ కట్టేసి, తడిచేయి కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది.

ఆ గొంతుకి జాతీయ ఉత్తమ గాయకుడి అవార్డు రాలేదు. 1970లో పద్మశ్రీ ఇచ్చారు, కాదనను. కానీ గాయకులకు జాతీయ అవార్డు పెట్టిందే 1967 సినిమాల నుంచి. అప్పటికి ఆయన గొప్ప పాటలు చాలావరకు పాడేశారు. 1974లో పోయారు. ఆ మధ్యలో మహేంద్ర కపూర్, మన్నా డే, ఎస్.డి. బర్మన్, హేమంత్ కుమార్, ఏసుదాస్ అందుకున్నారు. వాళ్లెవరూ తక్కువవాళ్లు కాదు, అయినా నాకు ఆ జాబితా చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

మన విజయనగరం ఆడపడుచు సుశీలమ్మ సంగతి ఇంకోలా జరిగింది. గాయనులకు ఆ అవార్డు పెట్టినప్పుడు మొట్టమొదట అందుకున్నది ఆవిడే, అయితే 1968 నాటి తమిళ సినిమా ‘ఉయర్ంద మనిదన్’ పాటకి. తెలుగు పాటకి రావడానికి ‘సిరిసిరిమువ్వ’ దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారంలో పుట్టిన సోమయాజులు గారు. రెవెన్యూ ఉద్యోగం చేసుకుంటూ ‘కన్యాశుల్కం’లో రామప్ప పంతులు వేసిన మనిషి. ఆయన శంకరశాస్త్రిగా నటించిన ‘శంకరాభరణం’కి నాలుగు జాతీయ అవార్డులొచ్చాయి: సినిమాకి, సంగీత దర్శకుడు మహదేవన్‌కి, పాడిన బాలుకి, వాణీ జయరామ్‌కి. శంకరశాస్త్రికి రాలేదు! ఆ ఏడు ఉత్తమ నటుడు ‘స్పర్శ్’లో నసీరుద్దీన్ షా. ఆయన నటన గొప్పదే, నేను ఒప్పుకుంటాను. అయినా సోమయాజులు గారు కళ్లు మూసుకుని పాట అందుకునేటప్పుడు ఆ మెడ నరాలు చూడండి, పాడుతున్నది బాలు అని గుర్తుకొస్తుందా మీకు?

వద్దన్నవాళ్లూ ఉన్నారు. 1973లో మార్లన్ బ్రాండో ‘గాడ్‌ఫాదర్’ ఆస్కార్ కాదన్నాడు, అమెరికా ఆదివాసులను సినిమాల్లో చూపిస్తున్న తీరుకి నిరసనగా. 2013లో మన ఎస్. జానకి గారు పద్మభూషణ్ వద్దన్నారు, ఆలస్యంగా ఇచ్చారని. ఆవిడ కోపంలో న్యాయం ఉంది.

నాకు అందరికంటే ఇష్టం హిందీ నటుడు ప్రాణ్. ‘బేఇమాన్’లో సహాయ నటుడిగా ఫిల్మ్‌ఫేర్ ఇస్తే తీసుకోలేదు. ఎందుకంటే ఆ ఏడు సంగీతం అవార్డు కూడా ‘బేఇమాన్’కే ఇచ్చారు, ‘పాకీజా’కి చేసిన గులాం మహమ్మద్‌కి ఇవ్వలేదు. గులాం మహమ్మద్ 1968లోనే చనిపోయాడు, ‘పాకీజా’ విడుదలైంది 1972లో. తిరిగి థాంక్స్ చెప్పడానికి కూడా లేని మనిషి కోసం, తను నటించిన సినిమాకే వచ్చిన అవార్డు తప్పని చెప్పి, చేతికొచ్చింది వదిలేశాడు. ఘంటసాల కోసం అలా ఒక్కరు లేచి నిలబడి ఉంటే ఎంత బాగుండేదో.

సుశీలమ్మకి మొదటి అవార్డు తెచ్చిన ఆ తమిళ పాట తెచ్చాను, ఇప్పుడు వేస్తారు. భాష తెలియకపోయినా పర్లేదు, ఫోన్లు పక్కన పెట్టి వినండి.