లఘు పరీక్ష పేపర్లు దిద్దాక...

తోటి ఉపాధ్యాయులందరికీ నమస్కారం.

మన బడుల్లో మూడో తరగతి పిల్లలు కూడా "సార్, ఎఫ్ఏ ఎప్పుడు?" అని అడుగుతారు. వాళ్ల దృష్టిలో అది ఒక పరీక్ష పేరు. పాత యూనిట్ టెస్టుకు కొత్త పేరు, అంతే. నన్ను బాధపెట్టేది ఇదే.

ఎఫ్ఏ అంటే ఫార్మేటివ్ అసెస్‌మెంట్, నిర్మాణాత్మక మూల్యాంకనం. పాఠం నడుస్తుండగానే పిల్లలు ఎక్కడ ఆగిపోయారో కనిపెట్టి, మనం చెప్పే తీరు మార్చుకోవడం. కొన్ని నెలల చదువు అయ్యాక ఎంత వచ్చిందో చూసేది ఎస్ఏ, అంటే సమ్మేటివ్ అసెస్‌మెంట్, సంగ్రహణాత్మక మూల్యాంకనం. 1967లో మూల్యాంకన నిపుణుడు మైకేల్ స్క్రివెన్ ఈ తేడా చెప్పినప్పుడు ఆయన మాట్లాడింది విద్యా కార్యక్రమాల గురించి. విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్ దాన్ని పిల్లల చదువుకు అన్వయించారు. మన విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా నిరంతర సమగ్ర మూల్యాంకనం కావాలంటుంది. 'నిరంతర' అన్న మాటను మనం ఏడాదికి నాలుగు ఎఫ్ఏలుగా కుదించేశాం.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక బాబు 52లోంచి 27 తీసేసి 35 అని రాశాడు. ఇంటు కొట్టి సున్నా వేశాను. తర్వాతి లెక్కా అలాగే తప్పింది, మళ్లీ సున్నా. మర్నాడు ఎందుకో పక్కన కూర్చోబెట్టుకుని ఎలా చేశావు నాన్నా అని అడిగాను. "రెండులోంచి ఏడు పోదు కద సార్, అందుకే ఏడులోంచి రెండు తీశా" అన్నాడు. వాడికి తీసివేత వచ్చు. పదుల నుంచి అప్పు తెచ్చుకోవడమే రాదు. పది పుల్లల కట్ట చేతికిచ్చి విప్పించాను. ఆ పూటే అర్థమైంది వాడికి.

నేను వేసిన సున్నా మాపనం, అంటే ఉత్త కొలత. వాణ్ని అడిగి తెలుసుకున్నది మూల్యాంకనం. శిక్షణలో ఈ రెండు నిర్వచనాలూ రాసుకున్నాను, కానీ తేడా తెలిసింది ఆ రోజే.

ఎఫ్ఏలో లఘు పరీక్షతో పాటు పిల్లల భాగస్వామ్యం, రాత పనులు, ప్రాజెక్టులు కూడా ఉన్నాయి. మార్కులు ఎక్కించే టెన్షన్‌లో ఆ మూడింటినీ చివరి రోజు అంచనాగా నింపేస్తున్నాం. పని ఒత్తిడి నాకూ తెలుసు. అయినా ఇది పిల్లలకు అన్యాయమే.

మీరు తెచ్చిన లఘు పరీక్ష పేపర్లు మధ్యాహ్నం బయటికి తీద్దాం. మొత్తం మార్కులు చూడొద్దు. ఒక్కొక్కరం ఒక్క తప్పు తీసుకుని, ఆ పిల్లవాడు ఏమనుకుని అలా రాశాడో మాట్లాడుకుందాం.