ముంగిసకి అందని కోళ్ళ గూడు

అమ్మాయి: ఈసారి మన పాడ్‌కాస్ట్‌లో మా బాబాయ్. పెరట్లో ఆరు కోళ్ళు పెంచుతున్నాడు. ఆ వెనక కూత...

బాబాయ్: మా పుంజే. దాన్ని మ్యూట్ చెయ్యడం నా వల్ల కాదమ్మా.

అమ్మాయి: ముందు మొదటి గూడు సంగతి చెప్పు.

బాబాయ్: అదా... ఆరుపలకల గళ్ళ సన్నతీగ జాలీ చవగ్గా వస్తుంది కదా, దాన్నే నాలుగు సరుగుడు కర్రలకి చుట్టేశా. కింద ఉత్త మట్టి. మూడోవారం ఓ పొద్దున వెళ్తే రెండు పెట్టలు చచ్చి పడున్నాయి, మూడోది లేనేలేదు. పిల్లి పనేనని వీధంతా వినపడేలా తిట్టా. మీ పిన్నే మూల చూపించింది. జాలీ కింద పిడికిలి పట్టేంత కన్నం. ముంగిస.

అమ్మాయి: పాపం పిల్లి! మరి రెండోసారి?

బాబాయ్: అరంగుళం గళ్ళ వెల్డెడ్ మెష్ తెచ్చా, తీగలు అతికించిన గట్టి ఇనుప జాలీ. ఆ సన్నజాలీ కోడిని ఆపుతుందిగానీ కుక్కని ఆపదు. ఈ మెష్‌ని నేల దాకా దించి వదిలెయ్యలేదు, బయటివైపు అడుగున్నర పరిచి, మట్టి కప్పి ఇటుకలు పేర్చా. తవ్వేది దడి మొదట్లోనే కదా తవ్వుతుంది? గోరుకి ఇనుము తగులుతుంది. అడుగున్నర వెనక్కి జరిగి తవ్వుదామని దానికి తట్టదు.

అమ్మాయి: నాకూ తట్టదు. కొలతలెంత?

బాబాయ్: పడుకునే గూడు 4 అడుగులు, 3 అడుగులు. తలకి 2 చదరపడుగులు. తిరిగే చోటు 10కి 6. గూడు మోకాలెత్తున లేపా, ఎండాకాలం మధ్యాహ్నం అన్నీ దాని కిందే దొర్లుతుంటాయి. రేకు మీద తాటాకు కప్పా. చూరు కింద నాలుగు పక్కలా అడుగు మేర జాలీయే. చలని మూసేస్తే రెట్ట ఘాటుకి వాటికి రొప్పొస్తుంది.

అమ్మాయి: కోళ్ళు ఎక్కి పడుకునే దండేనికి కూడా సరుగుడు కర్రేనా?

బాబాయ్: రెండంగుళాల లావుది, బెరడు ఒలిచేసి. బెరడు ఉంటే రక్తం పీల్చే నల్లులు దాక్కుంటాయి. రెండడుగుల ఎత్తు చాలు. నా వాటిల్లో మూడు వనరాజ పెట్టలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకంలే. నాటుకోడి కంటే బరువు, ఎత్తునుంచి దూకితే కాళ్ళు దెబ్బతింటాయి. రెండు దండేలూ ఒకే ఎత్తు ఉండాలి, లేకపోతే పైదాని కోసం రోజూ పోట్లాటే.

అమ్మాయి: గుడ్ల బుట్ట?

బాబాయ్: దండెం కన్నా కిందే పెట్టాలి. నేను పైన పెట్టి చూశా. రాత్రి అందులోనే పడుకున్నాయి, పొద్దున గుడ్డుకి ఎంత రెట్టో! ఇప్పుడు కింద, చీకటి మూల, వరిగడ్డి వేసి పెట్టా.

అమ్మాయి: తలుపు?

బాబాయ్: గడియ ఒకటి, పైన కొక్కెం ఒకటి. అయినా మీ పిన్ని రాత్రి తొమ్మిదింటికి టార్చి పట్టుకుని వెళ్తుంది.

అమ్మాయి: ముంగిస మళ్ళీ వచ్చిందా?

బాబాయ్: రెండుసార్లు. దడి పక్క ఇటుక ఒకటి జరిగింది, మట్టిలో గోళ్ళ గీతలున్నాయి. లోపల ఆరూ ఉన్నాయి.