ఆరుతున్న మంటలో కూలే స్లాబు: ఫైర్ సిబ్బంది ఎందుకు వెనక్కి వస్తారు?

నమస్కారమండీ. ఎక్కడైనా బిల్డింగ్ తగలబడుతుంటే కింద గుమిగూడిన జనంలోంచి ఒక మాట వినిపిస్తుంది. "ఇన్ని ఫైరింజన్లు వచ్చాయి, లోపలికి ఒక్కడూ పోడేంటి?" వీడియోల కింద కామెంట్లలోనూ అదే గోల. ఈ మాట వింటే నాకు చాలా బాధేస్తుంది. ఎందుకో చెప్పాలంటే టెహ్రాన్‌లో జరిగింది చెప్పాలి.

2017 జనవరి 19. టెహ్రాన్‌లో ప్లాస్కో అనే 17 అంతస్తుల భవనం. 1960ల మొదట్లో కట్టారు. తర్వాతి కాలంలో బట్టల షాపులు, కుట్టు వర్క్‌షాపులతో నిండిపోయింది. ఉదయం ఎనిమిది ప్రాంతంలో పదో అంతస్తులో మంట లేచింది. ఫైర్ సిబ్బంది వచ్చారు, జనాన్ని దించేశారు, పైకెళ్లి ఆర్పుతూనే ఉన్నారు. పదకొండున్నర ప్రాంతంలో, టీవీలో లైవ్ నడుస్తుండగానే, మొత్తం భవనం నిలువునా కుప్పకూలింది. 16 మంది ఫైర్ సిబ్బంది చనిపోయారు.

మూడు గంటలకు పైగా నిలబడింది కదా, ఇంకాసేపు నిలబడదా అనిపిస్తుంది. అక్కడే ప్రమాదం. మంట ఎంతసేపటి నుంచి ఉంటే బిల్డింగ్ అంత బలహీనపడుతుంది, పైకి మాత్రం ఏమీ తేడా కనిపించదు.

ఇనుము కాలదు, నిజమే. కానీ 600 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి దాని బలం సగానికి సగం పోతుంది. గదంతా మంట అంటుకుంటే ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. పైగా ఇనుము వేడికి సాగుతుంది. పది మీటర్ల దూలం ఆ వేడికి ఏడెనిమిది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అంటే దాదాపు మన నాలుగు వేళ్ల వెడల్పు. అటు చివర గోడ ఉంటే దాన్ని బయటికి తోసేస్తుంది. చల్లారేటప్పుడు మళ్లీ కుంచించుకుపోయి జాయింట్లను లాగేస్తుంది. మంట ఆరాక కూలిన బిల్డింగులు ఉన్నది అందుకే.

మన ఆర్‌సీసీ స్లాబులో ఇనప చువ్వల కింద కాంక్రీటు కవరింగ్ రెండు సెంటీమీటర్లు ఉంటే గొప్ప. వేడికి అది పెచ్చులుపెచ్చులుగా ఊడిపోతుంది. ఇక మంట నేరుగా చువ్వలకే తగులుతుంది. గోడౌన్ల మీద వేసే రేకుల షెడ్డు సంగతైతే చెప్పనక్కర్లేదు, ఆ సన్నటి యాంగిల్స్ నిమిషాల్లోనే వంగిపోతాయి.

చాలామందికి తట్టనిది నీళ్ల బరువు. వెయ్యి లీటర్లంటే ఒక టన్ను. నిమిషానికి 500 లీటర్లు కొట్టే పైపు ఒక్కటున్నా రెండు నిమిషాలకు ఒక టన్ను లోపలికి పోతుంది. బట్టల బేళ్లు ఆ నీళ్లను పీల్చేసుకుంటాయి. కొట్టిన నీళ్లు కిందికి రావడం లేదంటే అవి పై అంతస్తులోనే నిలిచిపోయాయన్నమాట, అనుభవమున్న ఆఫీసర్‌కి అప్పుడే టెన్షన్ మొదలవుతుంది.

ప్లాస్కో జరిగి సరిగ్గా ఆరేళ్లకు, 2023 జనవరి 19న, సికింద్రాబాద్ రాంగోపాల్‌పేటలో బట్టల సరుకు నిండిన భవనం తగలబడింది. పగలు అంటుకున్న మంట రాత్రయినా ఆరలేదు. లోపల స్లాబులు కూలిపోయాయి. లోపల చిక్కుకున్న ముగ్గురు కార్మికుల కోసం వెతకడానికి కూడా నిపుణులు వచ్చి భవనం ఎంత గట్టిగా ఉందో చూడాల్సి వచ్చింది. చివరికి ఆ భవనాన్నే కూల్చేశారు. ఆ ముగ్గురి ఇళ్లవాళ్ల బాధకు నా దగ్గర మాటల్లేవు. కానీ ఆ స్లాబుల కిందికి ఇంకో పదిమందిని పంపి ఉంటే ఏమయ్యేదో కూడా ఆలోచించాలి. 2015 మే నెలలో ముంబై కాల్బాదేవిలో పాత భవనానికి మంటలు అంటుకుని కూలిపోయినప్పుడు నలుగురు సీనియర్ ఫైర్ ఆఫీసర్లను పోగొట్టుకున్నాం. వాళ్లు కొత్తవాళ్లు కాదు.

అందుకే ఆఫీసర్ "అందరూ బయటికి రండి" అన్నాడంటే భయపడి కాదు. గోడ ఉబ్బిందేమో, పగులు పెద్దదవుతోందేమో, ఇటుకల సందుల్లోంచి పొగ వస్తోందేమో. ఇవేవీ కనిపించకపోయినా గంటలు లెక్కపెట్టి వెనక్కి పిలవడం సరైన నిర్ణయమే. లోపల మనుషులున్నారని తెలిస్తే లెక్క వేరు, వాళ్లను కాపాడే అవకాశం ఉన్నంతవరకు పెద్ద రిస్కైనా తీసుకుంటారు. సరుకు కోసం మాత్రం ఎవరూ పోకూడదు. "నా స్టాక్ ఉంది, క్యాష్ ఉంది" అని షాపువాళ్లు ఫైర్ సిబ్బంది మీద ఒత్తిడి పెట్టడం ఘోరం.

గోడ కూలితే ఎంత ఎత్తుందో అంత దూరం పడొచ్చు, ముక్కలు ఇంకా అవతలికి ఎగురుతాయి. ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం ఖాళీగా ఉంచాలన్నది ఫైర్ సర్వీసుల్లో వాడే లెక్క. నాలుగంతస్తుల భవనమైతే ఆ దూరం సుమారు 20 మీటర్లు. ఫోన్ పట్టుకుని వీడియో తీసేవాళ్లు చాలాసార్లు ఆ లోపలే ఉంటారు.

ఆ బిల్డింగ్ మీదే అయితే, లేదా అందులో మీరు పనిచేస్తుంటే, 101కి ఫోన్ చేసినప్పుడే ఉన్నదున్నట్టు చెప్పండి. లోపల ఎంతమంది ఉన్నారు, ఏ అంతస్తులో. సెల్లార్‌లో సరుకు పెట్టారా, సిలిండర్లు ఉన్నాయా. పర్మిషన్ లేకుండా పైన ఇంకో అంతస్తు వేసి ఉంటే అది కూడా దాచకండి, ఆ అదనపు బరువు సంగతి లోపలికెళ్లే వాళ్లకు ముందే తెలియాలి.