గట్టు మీద చేరిన భాస్వరం

అందరికీ నమస్కారం.

బంగారంలో కాస్త సీసం కలిస్తే అది సుత్తి దెబ్బకు సాగకుండా పగులుతుందని కంసాలి పని తెలిసినవాళ్లు చెబుతారు. 1880ల చివర్లో బ్రిటన్‌లో రాబర్ట్స్ ఆస్టెన్ దీన్ని కొలిచి చూపించాడు. సుమారు 0.2 శాతం సీసం చాలట. మిగతా 99.8 వంతులూ మేలిమి బంగారమే కదా, మరి అదెందుకు విరుగుతుంది?

మనం చేత్తో పట్టుకునే లోహపు ముక్క సాధారణంగా ఒకే స్ఫటికం కాదు. గ్రెయిన్లు అనే లెక్కలేనన్ని చిన్న స్ఫటికాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వరి మళ్లు అనుకోండి, మధ్యలో గట్లే గ్రెయిన్ బౌండరీలు. మడిలో పరమాణువులు నాటు వరుసల్లా ఉంటాయి, గట్టు దగ్గర ఆ వరుస చెదిరిపోతుంది. సైజు కుదరని పరమాణువుకు మడిలో ఇరుకు. వేడికి కదిలే వీలు దొరకగానే గట్టుకు చేరుతుంది. దీన్నే సెగ్రిగేషన్ అంటాం. గట్టు మందం కొద్ది పరమాణువులే కాబట్టి, ఉక్కు మొత్తంలో 0.02 శాతం ఉన్న భాస్వరం అక్కడ పది శాతం దాకా పోగుపడగలదు. అప్పుడు గ్రెయిన్ల మధ్య పట్టు సడలుతుంది. టెస్ట్ సర్టిఫికెట్ చూస్తే భాస్వరం ఎంతుందో తెలుస్తుంది, ఎక్కడుందో తెలియదు. నన్ను ఈ సబ్జెక్టులోకి లాగింది ఈ విషయమే.

1969 సెప్టెంబరులో ఇంగ్లండ్‌లోని హింక్లీ పాయింట్ ఎ అణువిద్యుత్ కేంద్రంలో ఒక టర్బైన్‌కు ఓవర్‌స్పీడ్ టెస్ట్ చేస్తున్నారు. మామూలుగా అది నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. 3200 దగ్గరకు వచ్చేసరికి క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు డిస్క్ ముక్కలైపోయింది. కారణం వెతికితే కీవే దగ్గర, అంటే డిస్క్‌ను ఇరుసుకు బిగించడానికి కోసిన గాడి దగ్గర, రెండు మిల్లీమీటర్ల లోతు కూడా లేని పగులు కనిపించింది. గట్టి ఉక్కు అయితే అంత చిన్న పగులును ఓర్చుకునేది. ఆ డిస్క్‌కు మాత్రం టెంపర్ ఎంబ్రిటిల్‌మెంట్ అనే పెళుసుదనం వచ్చి ఉంది. అది ఇలా వస్తుంది.

సుమారు 375 నుంచి 575 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉక్కు ఎక్కువసేపు ఉంటే భాస్వరం, తగరం, యాంటిమొని లాంటివి గట్లకు చేరుతాయి. పెద్ద ఫోర్జింగ్, అంటే కాల్చి సాగగొట్టి చేసిన ఉక్కు దిమ్మ, నిదానంగా చల్లారుతుంది, ఆ మధ్య దశలో గంటల తరబడి ఉంటుంది. విచిత్రమేమిటంటే, 600 డిగ్రీలు దాటించి త్వరగా చల్లారిస్తే అదే ఉక్కుకు గట్టిదనం తిరిగి వస్తుంది. ఎందుకంటే పరమాణువులు మళ్లీ మడుల్లోకి చెదిరిపోతాయి. చిన్న ముక్కకైతే ఇది సులువే కానీ, టన్నుల బరువున్న డిస్క్ నడిబొడ్డును త్వరగా చల్లార్చడం ఎలా? అందుకే ఉక్కు కరిగించే దశలోనే భాస్వరం, తగరం తగ్గించడం మీద పట్టుబట్టాల్సి వచ్చింది.

గట్టు మీద ఏముందో చూడాలంటే ముక్కను వ్యాక్యూమ్‌లోనే విరగ్గొట్టి, గాలి తగలకముందే ఆగర్ స్పెక్ట్రోస్కోపీతో, అంటే పైపొరలో ఏ పరమాణువులున్నాయో చెప్పే పద్ధతితో, పరీక్షించాలి. 1960ల చివర్లో ఈ పద్ధతి చేతికొచ్చాకే, అంతవరకూ అనుమానంగా ఉన్నది కళ్లకు కనబడింది.

గట్టుకు చేరే ప్రతిదీ చెడు చేయదు. నికెల్, అల్యూమినియం కలిసిన నికెల్ అల్యూమినైడ్‌నే (Ni3Al) తీసుకోండి. ఒకే స్ఫటికంగా ఉంటే సాగుతుంది, మామూలు ముక్కగా చేస్తే గట్ల వెంట విరుగుతుంది. 1979లో జపాన్‌లో ఆవోకి, ఇజుమి అందులో కొంచెం బోరాన్ కలిపారు. భాస్వరం లాగే బోరాన్ కూడా గట్లకే చేరింది, కానీ ఈసారి ముక్క విరగకుండా సాగింది. అయితే పరమాణువుల లెక్కలో అల్యూమినియం పాలు 25 శాతం కన్నా కాస్త తక్కువ ఉన్నప్పుడే బోరాన్ ఇంత బాగా పనిచేస్తుంది.